యోషితోషి నెత్తుటి బొమ్మలు: పిచ్చి గీసినవా, కాలం గీయించినవా?

ఇంటర్నెట్‌లో అప్పుడప్పుడు ఒక పాత జపాన్ బొమ్మ తిరుగుతూ ఉంటుంది. ఇంటి దూలానికి తలకిందులుగా వేలాడదీసిన నిండు గర్భిణి, ఆమె కింద కూర్చుని కత్తి నూరుకుంటున్న ముసలిది. దానితో పాటు చెప్పే కథ కూడా ఇంచుమించు ప్రతిసారీ ఒకటే: దీన్ని గీసినవాడు పిచ్చివాడు, కడుపుతో ఉన్న సొంత భార్యను వేలాడదీసి మరీ గీశాడు, చివరికి పిచ్చాసుపత్రిలోనే పోయాడు. బొమ్మ నిజమైనదే. దాన్ని గీసిన త్సుకియోకా యోషితోషి (1839–1892)కి మానసిక జబ్బు ఉన్న మాటా నిజమే. మిగిలిన కథలో చాలా భాగం వేరే మనుషుల నుంచి, వేరే కాలాల నుంచి వచ్చి ఇతనికి అంటుకుంది. ఆ అంటుకున్నదాన్ని విడదీసి చూస్తే బొమ్మలు తక్కువ భయంకరంగా ఏమీ కనిపించవు. భయం ఎక్కడుందన్నది మాత్రం మారుతుంది.

ముందుగా మాటల చిక్కు

యోషితోషి బొమ్మల గురించి మాట్లాడేటప్పుడు మూడు జపనీస్ మాటలను ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తుంటారు. మొదటిది ఉకియో-ఎ. చివరి 'ఎ' అంటే బొమ్మ. 'ఉకియో' అంటే తేలిపోయే లోకం, అంటే నాటకశాలలు, వేశ్యావాటికలు, ఊరి సందడి నిండిన క్షణికమైన బతుకు. ఎదో నగరంలో (అదే నేటి టోక్యో) మామూలు జనం కొనుక్కునే అచ్చుబొమ్మలకు ఈ పేరు స్థిరపడింది. ఇది ఒక పెద్ద వర్గం. ఫ్యూజీ పర్వతం మీద హొకుసాయ్ చేసిన ప్రసిద్ధ బొమ్మలూ దీని కిందికే వస్తాయి.

రెండోది ముజాన్-ఎ, అంటే క్రూరత్వాన్ని చూపే బొమ్మ. ఉకియో-ఎలో ఇదొక చిన్న పాయ. 1860లలో, 1870లలో ఉధృతంగా నడిచి తగ్గిపోయింది. 'నెత్తుటిలో తడిసిన బొమ్మ' అనే అర్థంలో చిమిదోరో-ఎ అనీ అంటారు. మూడోది ఎరో-గురో. శృంగారాన్నీ వికృతాన్నీ కలిపే ఈ ధోరణి 1920లు, 30ల నాటిది, యోషితోషి పోయిన ఒక తరం తర్వాతది. అతన్ని 'ఎరో-గురో చిత్రకారుడు' అనడం తాతకు మనవడి పేరు పెట్టడం లాంటిది. పోలిక ఉంటే ఉండవచ్చు, వరస మాత్రం తిరగబడింది.

ఒక బొమ్మ, నలుగురి పని

యోషితోషి పేరు మీద ఉన్న అచ్చుబొమ్మ అతనొక్కడే చేసింది కాదు. డబ్బు పెట్టేది, విషయం ఎంచేది ఎక్కువగా ప్రచురణకర్త. చిత్రకారుడు పలచటి కాగితం మీద గీతల బొమ్మ గీసి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అతికించి, గీత మిగిలేలా చుట్టూ ఉన్న చెక్కను తొలిచేస్తాడు. ఆ పనిలో అసలు గీత కాగితం నాశనమైపోతుంది. ఒక్కో రంగుకు ఒక్కో చెక్క కావాలి. ఆ తర్వాత అచ్చు వేసేవాడు చెక్క మీద కుంచెతో రంగు పూసి, తడి కాగితం పరిచి, చేతిలో ఇమిడే గుండ్రటి దిమ్మతో వెనక నుంచి రుద్దుతాడు. నుదుటి దగ్గర విడివిడిగా కనిపించే వెంట్రుకలను చెక్కడం అందరికీ చేతనయ్యే పని కాదు. తలలు చెక్కడానికి నిపుణులు వేరుగా ఉండేవారు.

నెత్తుటి రంగులోనూ ఇలాంటి పనితనమే ఉంది. అచ్చు వేసేవాడు ఎర్ర రంగులో తోలు ఉడికించి తీసిన బంక కలిపేవాడు. ఆరిన తర్వాత కూడా ఆ చోటు నిగనిగలాడేది. కాగితాన్ని వెలుగుకు కాస్త వాలిస్తే మిగతా బొమ్మంతా మందంగా ఉండి నెత్తురు ఒక్కటే తడిగా మెరిసేది. కాబట్టి ఆ ఎరుపును ఒక్కడి మతిభ్రమగా లెక్కకట్టే ముందు, దాని వెనక ఒక పెట్టుబడి, రెండు మూడు రకాల పనివాళ్లు, కొనడానికి సిద్ధంగా ఉన్న బజారు ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

ఇరవై ఎనిమిది హత్యలు

యోషితోషి 11 ఏళ్ల వయసులో, 1850లో, యోధుల బొమ్మలకు పేరుమోసిన ఉతగావా కునియోషి దగ్గర శిష్యుడిగా చేరాడు. గురువు చచ్చిన మనుషులను, దయ్యాలను, అస్థిపంజరాలను గీయడంలో దిట్ట. శిష్యుడి తొలి అచ్చుబొమ్మ 1853లో వచ్చింది. అది హెయ్‌కె వంశం వారు సముద్రంలో మునిగిపోయే దృశ్యం. అంటే 14 ఏళ్ల కుర్రాడి మొదటి పనే సామూహిక మరణం మీద. దాన్ని చూసి అప్పుడే అతనికేదో తేడా ఉందని అనుకోనక్కర్లేదు. ఆ గురువు దగ్గర అది మామూలు పాఠం.

అతని పేరు నెత్తుటితో ముడిపడింది 1866–67లో. 'పేరుమోసిన ఇరవై ఎనిమిది హత్యలు, పద్యాలతో' అని చెప్పుకోదగ్గ వరుస అది. అసలు పేరులో ఒక శ్లేష ఉంది: జపాన్ ఖగోళ సంప్రదాయంలో చంద్రుడు బస చేసే ఇళ్లు 28, వాటి పేరునే పద్యాలు అనే అర్థం వచ్చేలా తిప్పారు. మన పంచాంగంలోని 27 నక్షత్రాలకు అభిజిత్తును కలిపితే వచ్చే 28 ఎరిగిన తెలుగు పాఠకుడికి ఆ లెక్క కొత్త కాదు. ప్రతి బొమ్మలోనూ ఒక హంతకుడు, పైన ఒక పద్యం, చిన్న వచనం ఉంటాయి.

అందులో ఒక బొమ్మను దగ్గరగా చూద్దాం. నావొసుకె గొంబెయ్ అనేవాడు ఒకణ్ని చంపి అతని ముఖం మీది చర్మాన్ని ఒలుస్తున్నాడు. ఏమీ తెలియకుండా చూస్తే ఇది ఉట్టి పైశాచికం. ఆనాటి ఎదో నగర ప్రేక్షకుడికి మాత్రం కథ తెలుసు. 1825లో మొదటిసారి ఆడిన యోత్సుయా దయ్యం కథ అనే కబుకి నాటకంలో నావొసుకె తన ప్రేమకు అడ్డొచ్చిన మగవాణ్ని చీకట్లో చంపుతాడు. శవాన్ని ఎవరూ గుర్తుపట్టకూడదని ముఖం ఒలుస్తాడు. తీరా తేలేదేమిటంటే చచ్చినవాడు పోటీదారుడు కాదు, తన పాత యజమాని కొడుకు. ఎవరూ గుర్తుపట్టకూడదని ఒలిచిన ముఖాన్ని తానే గుర్తుపట్టలేదన్నమాట. బొమ్మ కొన్నవాడు ఈ వ్యంగ్యాన్ని కూడా కొనుక్కున్నాడు. హిరణ్యకశిపుడి పేగులు మెడలో వేసుకున్న ఉగ్రనరసింహుడి పటాన్ని గోడకు తగిలించుకున్న ఇంట్లో దాన్ని ఎవరూ నెత్తుటి బొమ్మ అనరు, కథ తెలుసు కనుక. పోలిక ఇక్కడితో ఆపాలి. పటంలో ఉన్నది దేవుడు, ఈ బొమ్మలో ఉన్నది ఉట్టి హంతకుడు. అయినా కథ ఎరగడం చూపును ఎంత మారుస్తుందో దీనితో తెలుస్తుంది.

కబుకిలో హత్యా ఘట్టానికి 'కొరొషిబా' అని ప్రత్యేకంగా పేరే ఉంది. నటుడు ఉన్నట్టుండి బిగుసుకుని, కళ్లు తిప్పి, ఒక భంగిమలో నిలబడిపోతాడు. దాన్ని 'మియె' అంటారు. ఈ వరుసలోని హంతకులు చాలామంది అలా బిగుసుకున్న నటుల్లా ఉండటం కాకతాళీయం కాదు. చేతులూ కాళ్లూ ఎటో తిరిగి ఉన్నా, బొమ్మ మొత్తంగా ఒక కట్టడంలా నిలబడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన వివరం ఒకటుంది. ఆ 28లో యోషితోషివి 14 మాత్రమే. మిగిలిన 14 అతని సహాధ్యాయి ఒచియాయ్ యోషిఇకు గీశాడు. యోషిఇకు ఆ తర్వాత టోక్యోలో ఒక దినపత్రిక స్థాపకుల్లో ఒకడై, చాలాకాలం బతికి 1904లో పోయాడు. అతన్ని ఎవరూ పిచ్చి చిత్రకారుడు అనలేదు.

కాలం గీయించిందన్న వాదం

నెత్తుటి బొమ్మలు అప్పుడే ఎందుకు అంతగా అమ్ముడుపోయాయి అన్నదానికి చరిత్రకారులు ఎక్కువగా చెప్పే జవాబు కాలం. 1853లో 'నల్ల ఓడలు' అని పేరుపడ్డ అమెరికా యుద్ధనౌకలు ఎదో నగర అఖాతంలోకి వచ్చాయి. 1855లో భూకంపం నగరాన్ని కూల్చి వేల మందిని చంపింది. 1858లో కలరా వచ్చింది. 1860లో ప్రభుత్వంలో అందరికంటే పెద్ద అధికారి అయిన ఇయి నావొసుకెను (నాటకంలోని నావొసుకె వేరు) కోట గుమ్మం ముందే నరికేశారు. ఆ తర్వాత పట్టపగలు రాజకీయ హత్యలు మామూలైపోయాయి. 250 ఏళ్లకు పైగా నిలిచిన తొకుగావా పాలన 1868లో కూలింది.

ఆ కూలడంలో ఒక రోజు యోషితోషికి చాలా దగ్గరగా జరిగింది. 1868 జూలై 4న ఉఎనో గుట్ట మీది కన్‌ఎయ్‌జి ఆలయ ఆవరణలో తొకుగావా పాలకుడైన షోగున్ పక్షాన మిగిలిన షోగితాయ్ దళాన్ని కొత్త ప్రభుత్వ సైన్యం ఫిరంగులతో తుడిచిపెట్టింది. శవాలను కొంతకాలం అలాగే వదిలేశారు. యోషితోషి అక్కడికి వెళ్లి బొమ్మలు గీసుకున్నాడని చెబుతారు. వెంటనే వచ్చిన 'వంద మంది యోధులు' అనే వరుస చూస్తే ఆ మాట నమ్మాలనిపిస్తుంది. కబుకి భంగిమ అక్కడ విడిపోతుంది. జుట్టు రేగి, కళ్లు తేలేసి, అలసటతో, నెత్తుటితో నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. పేర్లు మాత్రం వందల ఏళ్ల కిందటి యోధులవి. సమకాలిక సంఘటనలను బొమ్మ వేయకూడదని చాలాకాలంగా ఆంక్షలున్నాయి కనుక, పాత పేరు తొడిగి నిన్నటి శవాన్ని చూపడం ఆ వృత్తిలో అందరూ ఎరిగిన ఉపాయం. కొనేవాడికి అది ఎవరి శవమో విడిగా చెప్పాల్సిన పని లేదు. వంద అని మొదలుపెట్టినా ఆ వరుస పూర్తి కాలేదు.

ఈ వాదంలో ఒక లోటు ఉంది. అదే కాలంలో బతికిన మిగతా చిత్రకారులు విదేశీయుల ఓడలూ, కొత్త రైలుబండ్లూ, ఇటుక భవనాలూ గీసి కూడా బాగానే అమ్ముకున్నారు. కాలం తలుపు తెరిచిందని చెప్పవచ్చు. ఆ తలుపులోంచి అంత దూరం లోపలికి ఇతనే ఎందుకు నడిచాడో కాలం ఒక్కటే చెప్పలేదు.

పిచ్చి అనే వివరణ ఎంతవరకు నిలుస్తుంది

1872లో యోషితోషి మానసికంగా కుప్పకూలాడు, పని ఆగిపోయింది. పేదరికం ఎంతదాకా వెళ్లిందంటే, చలికి ఇంట్లో నేల పలకలు పీకి కాల్చుకున్నారని, అతనితో ఉన్న ఆమె తన బట్టలు అమ్మి ఇల్లు నడిపిందని జీవిత చరిత్రలు చెబుతాయి. 1873లో కోలుకుని 'తాయ్‌సో' అని కొత్త పేరు పెట్టుకున్నాడు. 'గొప్పగా మళ్లీ లేవడం' అని దాని భావం. చివరి ఏళ్లలో జబ్బు తిరగబెట్టింది, ఆసుపత్రిలో ఉన్నాడు. అయితే చనిపోయింది అక్కడ కాదు. బయటికి వచ్చి అద్దె గదుల్లో ఉండగా, 1892 జూన్ 9న, మెదడులో రక్తస్రావంతో 53వ ఏట పోయాడు.

ఇప్పుడు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. హత్యల వరుస 1866–67, యుద్ధ శవాల వరుస 1868–69, మొదటి కుప్పకూలడం 1872. అంటే అత్యంత నెత్తుటి పని అంతా జబ్బు బయటపడక ముందుదే. జబ్బు నుంచి లేచాక రక్తం మెల్లగా తగ్గుతూ వచ్చింది. 1875లో ఒక పత్రిక వార్తల ఆధారంగా వేసిన అచ్చుబొమ్మల్లో హత్యలూ ఆత్మహత్యలూ ఉన్నా, అవి ఆనాటి వార్తాపత్రికల బజారు కోరినవి. చివరి ఏడేళ్లలో చేసిన 'చంద్రుడి వంద రూపాలు' (1885–1892) వరుసలో నిశ్శబ్దమే ఎక్కువ. పిచ్చి పెరిగేకొద్దీ నెత్తురు పెరిగిందన్న కథ ఈ వరుసక్రమంతో పొసగదు.

మరి పిచ్చికీ బొమ్మలకూ అసలు సంబంధమే లేదా? అలా తేల్చేయడమూ తొందరపాటే. జబ్బు ఒక్క రోజులో పుట్టదు; ఉఎనోలో చూసింది లోపల పనిచేసి ఉండవచ్చునని వాదించేవారి మాటలో బరువుంది. కాకపోతే అది ఊహ. తేదీలు చెప్పేది అంతకంటే గట్టి సాక్ష్యం.

ఇంకొక అభ్యంతరం పిచ్చితో నిమిత్తం లేనిది, నా దృష్టిలో అంతకంటే బలమైనది. హత్యల వరుసలోనే ఇనదా క్యూజో అనేవాడు ఒక ఆడమనిషిని తాడుతో కట్టి వేలాడదీసి నరుకుతున్న బొమ్మ ఉంది. ఇక్కడ కథ తెలుసు, నాటక సంప్రదాయం ఉంది అన్న సమాధానం పూర్తిగా సరిపోదు. ఆడదాని దేహం మీది హింసను కంటికింపుగా అమర్చి అమ్మారన్నది కాదనలేని మాట. బజారు అడిగిందనడం దానికి కారణమవుతుంది, సమర్థన కాదు.

ఒంటరి ఇల్లు, 1885

మొదట చెప్పిన బొమ్మ దగ్గరికి వద్దాం. దాని పేరు 'అదాచి బయలులోని ఒంటరి ఇల్లు'. రెండు కాగితాలను ఒకదాని కింద ఒకటి చేర్చిన నిలువు బొమ్మ. ఒక్కో కాగితం సుమారు 38 సెంటీమీటర్ల పొడవు, 26 వెడల్పు ఉండే కొలత. పై కాగితంలో వేలాడే గర్భిణి, నోటికి గుడ్డ, నడుముకు ఎర్ర వస్త్రం. కింది కాగితంలో ఎముకలు తేలిన ముసలిది తల పైకెత్తి ఆమెనే చూస్తూ కత్తి నూరుతోంది.

కథ పాతది, ఈశాన్య జపాన్‌లోని నేటి ఫుకుషిమా ప్రాంతానిది. ఒక గొప్పింటి బిడ్డను పెంచే దాది ఉంది. ఆ బిడ్డ జబ్బు నయం కావాలంటే కడుపులోని పిండం కాలేయం కావాలని ఎవరో చెబుతారు. దాది బయలులో ఇల్లు కట్టుకుని దారిన పోయే గర్భిణి కోసం కాచుకుంటుంది. ఏళ్ల తర్వాత ఒకతె దొరుకుతుంది, చంపేస్తుంది. ఆమె ఒంటి మీది తాయెత్తు చూశాక తెలుస్తుంది, తాను పసిబిడ్డగా వదిలి వచ్చిన కూతురు ఆమేనని.

ఈ బొమ్మలో ఒక్క నెత్తుటి చుక్క లేదు. ఎర్రగా కనిపించేది బట్ట. కత్తి ఇంకా సానరాయి మీదే ఉంది. కథలో ముగ్గురున్నారు: చంపబోయేది, చావబోయేది, ఇంకా పుట్టనిది, ముగ్గురూ ఒకే నిలువు గీతలో ఉన్నారు, ముగ్గురూ ఒకే కుటుంబం. అది ముసలిదానికి ఇంకా తెలియదు, చూసేవాడికి తెలుసు. ఇరవై ఏళ్ల కిందటి బొమ్మల్లో యోషితోషి హత్య జరుగుతుండగా పట్టుకున్నాడు. ఇక్కడ దానికి కొన్ని నిమిషాల ముందే ఆగిపోయాడు. మిగతాది చూసేవాడి మీదికి వదిలేశాడు. 1868లో వచ్చిన కొత్త ప్రభుత్వం, అంటే మెయ్‌జి ప్రభుత్వం, నెత్తురు కారే బొమ్మలను చూసీ చూడనట్టు పోనిచ్చి దీన్ని నిషేధించడం వింతగా కనిపిస్తుంది గానీ, ఒకరకంగా ఆ అధికారులకు బొమ్మ చూడటం తెలుసనిపిస్తుంది.

ఇక భార్యను వేలాడదీశాడన్న కథ. అది జరిగింది, కానీ యోషితోషి ఇంట్లో కాదు. ఈ బొమ్మతో మోజుపడ్డ ఇతో సెయ్‌యు అనే తర్వాతి తరం చిత్రకారుడు 1921లో గర్భిణి అయిన తన భార్యను అలా వేలాడదీసి ఫొటో తీయించాడు. అప్పటికి యోషితోషి పోయి 29 ఏళ్లు. రెండు బొమ్మలూ పక్కపక్కన తిరిగీ తిరిగీ ఒకే కథగా కలిసిపోయాయి.

దయ్యమా, నరాల జబ్బా

1889లో మొదలైన 'ముప్పై ఆరు దయ్యాల కొత్త రూపాలు' అతని చివరి పెద్ద వరుసల్లో ఒకటి. కొన్ని బొమ్మలు అతను పోయాకే పూర్తయ్యాయి. 'కొత్త రూపం' అనే అర్థంలో వాడిన 'షిన్‌కెయ్' మాటను ఇంకోలా రాస్తే 'నరాలు' అని అర్థం. పడమటి వైద్యం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో దయ్యాలు లేవు, అంతా నరాల బలహీనత అనడం చదువుకున్నవాళ్లకు ఫ్యాషన్. శీర్షిక రెండర్థాలనూ మోస్తుంది. తన నరాలు తనను మోసం చేయడం ఎరిగిన మనిషి ఆ శ్లేషను ఎంచుకున్నాడు.

ఆ వరుసలోని కియోమొరి బొమ్మను తీసుకోండి. అధికారం కోసం ఎందరినో చంపించిన తాయ్‌రా నో కియోమొరి తన భవనంలో ఒకచోట నిలిచిపోయాడు. ఎదురుగా పక్కకు జరిపే తలుపులు. ముందు చూసినప్పుడు అది మామూలు అలంకారమే. కాసేపటికి తలుపుల గుండ్రటి పిడులు కంటి గుంతలవుతాయి, చుట్టూ ఉన్న తెల్లటి మరకలు పుర్రెలవుతాయి. దయ్యం గదిలో లేదు, కియోమొరి చూపులో ఉంది, ఒక్క క్షణంలో మన చూపులోకీ వస్తుంది. ఈ వరుసలో ప్రతి బొమ్మ అంచూ పురుగు కొట్టిన పాత పుస్తకపు పుటలా గీసి ఉంటుంది. ఇది ఎవరో నమ్మిన పాత సంగతి అన్నట్టు.

చంద్రుడి వరుసలోనూ ఇలాంటిదే ఒకటుంది: ముసలితనం వచ్చిన ఆడమనిషిని వీపున మోసుకుని కొండ మీద వదిలేయడానికి తీసుకెళ్తున్న మగవాడు, పైన నిండు చంద్రుడు. ఆ వరుసలో కొత్త బొమ్మ వచ్చిన రోజు తెల్లవారకముందే దుకాణం ముందు జనం బారులు తీరేవారట. నెత్తురు లేకుండానే.

ఆ తర్వాత ఎవరి చేతుల్లోకి

యోషితోషి వారసత్వం రెండు పాయలుగా చీలింది. ఒకటి శిష్యుల పాయ: మిజునో తోషికత, అతని శిష్యుడు కబురాగి కియోకత, అతని శిష్యుల్లో కవాసె హసుయ్. చివరికి వచ్చేసరికి మంచు కురిసే గుళ్లూ, వానలో వంతెనలూ; నెత్తుటి వాసనే ఉండదు. రెండోది పాఠకుల పాయ. నేరకథల రచయిత ఎదొగావా రాంపో, నవలాకారుడు మిషిమా యుకియో లాంటివారు అతని క్రూర చిత్రాల మీద తమ మోజును దాచుకోలేదు. 1988లో హనావా కజుఇచి, మరువో సుఎహిరో అనే ఇద్దరు కామిక్స్ చిత్రకారులు పాత లెక్కనే పట్టుకుని ఆధునిక ముజాన్-ఎ వరుస ఒకటి చేశారు. మళ్లీ ఇరవై ఎనిమిది. యోషితోషిని ఎరో-గురోతో కలిపేయడం ఎక్కువగా ఈ రెండో పాయ నుంచి వెనక్కి చూసినందువల్లే జరిగింది.

1867 నాటి ప్రతులను ఇప్పుడు మ్యూజియాల్లో చూడవచ్చు. రంగు వెలిసిపోకుండా దీపాలు మందంగా పెడతారు, బొమ్మ గాజు వెనక నిటారుగా ఉంటుంది. బంక కలిపిన ఆ ఎరుపు మెరవాలంటే కాగితాన్ని చేతిలో పట్టుకుని కాస్త వాల్చాలి. గాజు వెనక అది కుదరదు, ఫోన్ తెర మీద అసలే కుదరదు. అక్కడ నెత్తురు ఉట్టి ఎర్ర రంగు. ముసలిది నూరుతున్న కత్తి మాత్రం అరచేయంత తెర మీద కూడా అంతే పదునుగా కనిపిస్తుంది.